మన్‌హైమ్‌లో పులిహోర

శుక్రవారం పొద్దున ఏడూ యాభైకి ఆకెన్‌లో రైలెక్కాను. ఒంటిగంటకు స్టుట్‌గార్ట్‌లో, కారు విడిభాగాలు చేసే కంపెనీలో ఇంటర్వ్యూ. నెలాఖరుకు నా వీసా అయిపోతుంది. ఈ ఉద్యోగం రాకపోతే ఖమ్మానికి పెట్టె సర్దుకోవడమే. టికెట్టు ముప్ఫైతొమ్మిది యూరోలు. తెనాలివాడైన నా రూమ్మేట్ డేవిడ్ గుమ్మం దగ్గర డబ్బా చేతిలో పెట్టి, "రైలు టైముకొచ్చుద్దని నమ్మబాకరా, పులిహోర పట్టుకుపో" అన్నాడు. నాలుగు గంటల ప్రయాణానికి డబ్బా ఏంటి, ఇది జర్మనీ అని వాణ్ణి వెక్కిరించాను.

కొలోన్‌లో మారాల్సిన రైలు నలభై నిమిషాలు లేటు. సిగ్నల్ చెడిందన్నారు. పదకొండుంబావుకు మన్‌హైమ్ చేరి అక్కడే ఆగిపోయాం. ఇక్కడ డ్రైవరు మారాలట. రావలసిన డ్రైవరు వేరే రైల్లో ఉన్నాడట. ఆ రైలు లేటట! కంపెనీకి ఫోన్ చేస్తే మెషీన్ ఎత్తింది. దానికే నా గోడు చెప్పుకున్నాను.

పక్కసీటావిడ గేర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు రైలును చూసి గడియారం సరిచేసుకునేవాళ్ళమన్నారు. దారిలో ఇంకా కడుతూనే ఉన్న వంతెన ఒకటి దాటామా, దాని గురించి కూడా చెప్పారు. "మా అబ్బాయి బళ్ళో చేరినప్పుడు మొదలుపెట్టారు. ఇప్పుడు వాడికి పెళ్ళయింది."

పన్నెండున్నరకు నాలో ఆశ చచ్చి ఆకలి లేచింది. చాలామంది విసిగి దిగిపోయారు. నేను డబ్బా తీశాను. ఆవిడకూ పెట్టాను. మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా ఇంకాస్త అడిగారు. సిగ్గుపడుతూ డేవిడ్‌ను తలుచుకున్నాను.

ఒంటిగంట దాటాక డ్రైవరొచ్చి రైలు కదిలింది. కంపెనీ చేరేసరికి రెండూ నలభై. శుక్రవారం రెండు దాటితే ఇక్కడ ఆఫీసుల్లో నరపురుగుండదు. మేనేజరు వేబర్‌గారు, నెరిసిన మనిషి, ఒక్కరే కూర్చుని ఉన్నారు.

"ముగ్గురిని పిలిచాను. ఇద్దరు మన్‌హైమ్ నుంచే వెనక్కి వెళ్ళిపోయారు. మీరెందుకు వెళ్ళలేదు?"

ఖమ్మం పక్కన డోర్నకల్ జంక్షన్‌లో పెరిగినవాణ్ణనీ, మా దగ్గర మూడు గంటల్లోపు ఆలస్యాన్ని ఆలస్యమనరనీ, డబ్బా విప్పుకుంటామనీ ఉన్నమాట చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు. గంటసేపు విడిభాగాల డ్రాయింగుల మీద నిలదీశారు. తన విభాగంలో సగంమంది రిటైరవుతున్నారనీ, వచ్చేవాళ్ళే లేరనీ వాపోయారు. చివరికి చెయ్యి కలిపి, "ఉద్యోగం మీదే" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వీసా ఆఫీసులో చూపించాలి, ఒప్పందం ఈమెయిల్‌లో పంపుతారా అని అడిగాను. కుదరదట. సంతకం చేసిన అసలు కాగితమే కావాలట, పోస్టులోనే వస్తుందట.

అయిదింటి తిరుగు రైలు ఆరుంబావుకు వచ్చింది. ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంత పెద్ద దేశం, ఇన్ని యంత్రాలు. నా కాగితం మాత్రం ఈ రైల్లో రాకుంటే చాలని మొక్కుకున్నాను.