ముంతాజ్‌ను ఒక్క మాట అననివ్వని దరియావలి

దరియావలి తన తెరచాప పడవల మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. తనను తిడితే నవ్వేవాడు. పడవను అంటే మాత్రం లుంగీ ఎగ్గట్టేవాడు.

ఈ సంగతి చెప్పడానికి నాకంటే అర్హుడు మా ఇసకపల్లిలో లేడు. అల్లూరు స్కూల్లో ఎనిమిదో తరగతి ఫస్టున ప్యాసైనవాణ్ణి, ఊరికి మొదటి రేడియో తెచ్చినవాణ్ణి, రెండు దఫాలు పంచాయతీ ప్రెసిడెంటుని. అన్నిటికీ మించి దరియావలికి పక్కింటివాణ్ణి.

బకింగ్‌హాం కాలువ మీద మద్రాసుకు పొయ్యిల్లోకి సర్వికట్టెలు తోలే పడవలు మూడుండేవి ఆయనకు. నడుం పట్టేశాక ఒక్కొక్కటే అమ్ముకుంటూ వచ్చాడు. పడవలు పోయాయి గానీ పెత్తనం పోలేదు. తెల్లారితే బీడీ వెలిగించి కాలువగట్టున హాజరు.

"వలీ అన్నా, నువ్వమ్మిన పెద్ద పడవలోకి నీళ్లు కారతుండాయంట గదా?" అన్నాను ఒకసారి.

"కారడమా? ఎండకు దప్పికై నాలుగు గుక్కలు తాగుంటాది. నువ్వు తాగవా?"

"మోకాలి లోతు తాగినాదంటన్నా!"

"దప్పిక ఎక్కువై ఉంటాది!"

తెరచాప చిరిగితే, గాలాడడానికి కిటికీ పెట్టించుకుందనేవాడు. నత్తనడక నడిస్తే, "మర్యాదగల ఇంటి పిల్ల. పరిగెత్తుతాదా?" అనేవాడు. ఇదంతా విని ఆయన భార్య లాల్‌బీ మా ఆవిడతో మొర పెట్టుకునేది.

"చూడక్కా, కూరలో ఉప్పెక్కువైతే ఒక్కనాడన్నా 'పోనీలే, సముద్రం దగ్గర గదా' అన్నాడా ఈ మనిషి?"

చివరికి మిగిలిన పడవ ముంతాజ్. అదంటే ఆయనకు ప్రాణం. అరవై ఒకటిలో దాన్ని జకరయ్య కొన్నాడు. అంతదాకా ఒకరి పడవలో గెడ వేసి బతికిన కుర్రాడు, అప్పుడే పెళ్లయినవాడు. కట్టెల షావుకారు కామాక్షయ్య ముందే చెప్పేశాడు: "మొదటి లోడు నా కళ్లతో చూస్తా. బాగా నడిపితే ఏడాదంతా నా కట్టెలు నీకే. లేదంటే లారీలకే."

ఆరోజు రేవంతా జనం. తెరచాప గర్భిణిలా ఉబ్బింది. ముంతాజ్ కదిలింది. గట్టు మీది నుంచి జకరయ్య పెళ్లాం ఎస్తేరమ్మ ముద్దుగా చెయ్యి ఊపింది. మొగుడు పొంగిపోయి, చుక్కాని వదిలేసి, రెండు చేతులూ ఊపాడు.

ముంతాజ్ నేరుగా అవతలి గట్టుకు పోయి, బర్రెగొడ్డులా బురదలో మూతి పెట్టి పడుకుంది. సగం కట్టెలు కాలవలో పడ్డాయి. జనం పడీ పడీ నవ్వారు. జకరయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది. కామాక్షయ్య టప్పున గొడుగు మూశాడు.

"చుక్కాని పట్టడం రానోడికా నా కట్టెలు? చాలు నాయనా! లారీ మాట్లాడుకుంటా."

అప్పుడే లుంగీ ఎగ్గడుతూ దరియావలి కదిలాడు. ముంతాజ్‌కు దెబ్బ తగిలింది, ఇంక జకరయ్య పని అయిపోయిందనుకున్నాను. తాసిల్దారుకే ఎదురు నిలిచిన నేను, మెల్లగా జనం వెనక్కి జరిగాను.

"షావుకారూ, ఆగు! వాడి తప్పేం లేదు. తప్పంతా ఈ ముంతాజ్‌ది!"

లాల్‌బీ నెత్తిమీది గంప దించి మరీ చూసింది.

"ఇది పుట్టుకతోనే మొండి ఘటం! కుడికి తిప్పితే ఎడమకు పోతాది. అమ్మేటప్పుడు దాచిపెట్టినా. ఈ పిల్లోడు కాబట్టి బురదలో ఆపినాడు. నేనైతే లాకు తలుపులకు గుద్దుంటా!"

"మరి చుక్కాని వదిలేసినాడు గదయ్యా?"

"వదిలితేనే ఇది దారికొస్తాది! ఆ కిటుకు తెలుసుకొనేదానికి నాకు ఏడేండ్లు పట్టింది. వీడు మొదటిరోజే పట్టేసినాడు!"

కామాక్షయ్య పడవ వైపు చూశాడు, జకరయ్య వైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"దరియావలే పడవను తిడుతుండాడంటే నిజమే అయ్యుంటాది," అంటూ గొడుగు తెరిచాడు. "సరే, కట్టెలు ఏరుకోని బయల్దేరు. ఈ ఏడాదికి నువ్వే."

అందరం బురదలో దిగి ముంతాజ్‌ను కాలవలోకి తోశాం. నేనూ తోశాను, ప్రెసిడెంటు హోదాలోనే. జకరయ్య వచ్చి దరియావలి కాళ్ల మీద పడబోయాడు.

"కాళ్లెందుకురా పట్టుకుంటావు? చుక్కాని పట్టుకో పో!" అని కసిరి, చెవి దగ్గర గొంతు తగ్గించాడు. "ఈసారి ఆయమ్మి చెయ్యూపితే తల ఊపు, చాలు."

పడవ కదిలింది. ఎస్తేరమ్మ మళ్లీ చెయ్యి ఊపింది. జకరయ్య తల కూడా ఊపలేదు.