శెనక్కాయ మూటంత బరువు

పోయిన వారం కంటి డాక్టరు దగ్గరికని ఆటోలో బయలుదేరి, మారతహళ్ళి వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఇరుక్కోవడం ఈ ఊళ్ళో కొత్తేమీ కాదు గానీ, పక్క వరసలో ఒక పెద్ద బండి వెనక ట్రైలరు, దాని మీద బెల్టులతో బిగించిన రేసు కారు కనిపించాయి. చుట్టూ స్కూటర్ల మీదున్న పిల్లలంతా కారును ఫోటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం మెడ చాచి ట్రైలరు బండికి తగులుకునే కొక్కెం దగ్గర ఎంత కిందికి నొక్కుకుని ఉందా అని చూశాను. ఆటో అతను నన్ను అద్దంలోంచి వింతగా చూశాడు. అది మా అమ్మ నేర్పిన చూపని అతనికెలా చెప్పను?

మేము కాడుగోడిలో, రైల్వే స్టేషను వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న పోయాక అనంతపురం వైపున్న పల్లె వదిలి, అమ్మ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడొక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అన్నయ్య మెకానిక్ షెడ్డులో కుదిరాడు, నేను చదువుకుని చర్చి బడిలో లెక్కల టీచరునయ్యాను. అన్నయ్యకు రేసుల పిచ్చి. రెండేళ్ళ పాటు ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిపి, ఇనుప గొట్టాలు అతికి, పాత చిన్న కారు ఇంజనొకటి సంపాదించి డ్రైవరు వీపు వెనక కూర్చోబెట్టి, ఒక్క మనిషి పట్టే కారు తయారుచేశాడు. ప్రార్థనకు రాని కొడుకని అమ్మ సణిగేది గానీ, మధ్యాహ్నం అన్నం క్యారియరు మాత్రం తనే మోసుకెళ్ళేది.

మద్రాసు దగ్గర రేసు. ముందు రోజు సాయంత్రం నాలుగింటికల్లా కారును తనిఖీకి చూపించకపోతే మర్నాడు లోపలికి రానివ్వరు. షెడ్డు యజమాని జీపూ, కారు ఎక్కించడానికి ట్రైలరూ ఇస్తానన్నాడు గానీ, కారు బరువెంతో తెలిస్తేనే అన్నాడు. తూచే కాటా మా దగ్గరెక్కడిది? అప్పుడు నేను తెలివి ప్రదర్శించాను. ఒక్కో టైరు కింద గళ్ళ కాగితం పరిచి, అది నేలకు ఆనిన మేర చుట్టూ సుద్దపొడి చల్లి, ఆ గళ్ళు లెక్కబెట్టి, టైరులోని గాలి ఒత్తిడితో గుణించాను. ముందు చక్రాలు తొంభై, తొంభై అయిదు కిలోలు, వెనకవి నూటనలభై, నూటనలభై అయిదు. మొత్తం నాలుగువందల డెబ్బై. కూడిక కింద రెండు గీతలు గీసి యజమాని చేతిలో పెట్టాను. ఆయన తలాడించి తాళం ఇచ్చాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

బయలుదేరింది తెల్లవారాక. అన్నయ్య జీపు తోలుతుంటే నేను ముందు, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని అమ్మ వెనక బెంచీ మీద. ఊళ్ళో ఉన్నంతసేపూ బాగానే ఉంది. చందాపుర దాటి, రోడ్డు ఖాళీగా కనిపించిందని అన్నయ్య కాస్త వేగం పెంచగానే వెనకనున్న ట్రైలరు ఒక పక్కకు ఊగింది, తర్వాత రెండో పక్కకు ఇంకా గట్టిగా ఊగి, జీపు తోకను పట్టుకుని అటూ ఇటూ ఈడ్చసాగింది. ఎదురుగా లారీ. అన్నయ్య బ్రేకు తొక్కకుండా వేగం తగ్గించుకుంటూ ఎలాగో పక్కన టీ కొట్టు ముందు ఆపాడు. దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఇంక వెనక్కి పోదాం అన్నాడు. నడక వేగంతో పోతే నాలుగింటికి చేరం, వేగంగా పోతే మనుషులమే మిగలం, ముందు కృష్ణగిరి దగ్గర పెద్ద దిగుడుంది. రెండేళ్ళ కష్టం ఆ టీ కొట్టు ముందు ఆగిపోయినట్టే అనిపించి నాకు ఏడుపొచ్చింది.

అమ్మ మాత్రం గిన్నె నాకిచ్చి, కొంగు బిగించి, కొక్కెం ఊడదీయమంది. ట్రైలరు ముందు కొసను రెండు చేతులతో పట్టుకుని ఎత్తితే అది ఆడుతూ పాడుతూ పైకి లేచింది. "బండి ఎనక బరువుండాది అప్పా. కాడి పైకి లేస్తే ఎద్దుకు గొంతు బిగుసుకుంటాది, అదెట్లా సక్కగా నడుస్తాది?" అంది. ఇది ఎద్దులబండి కాదమ్మా అని అన్నయ్య విసుక్కున్నాడు. అమ్మ పట్టించుకోలేదు. నాన్న పోయాక రెండు పంటలు తనే బండికెత్తి సంతకు తోలిన మనిషి. ఇరుసు మీద పడేదంతా పడనీ, కాడి మీద మాత్రం ఒక శెనక్కాయ మూటంత బరువుండాల, తక్కువైనా తంటాయే, ఎక్కువైనా తంటాయే అంది.

ఫ్యాక్టరీ బస్సుకోసం నిలబడ్డ కార్మికులు పదిమంది వచ్చి చెయ్యేశారు. కారును పలకల మీదుగా దింపి, అటు తిప్పి, ఇంజను ముందుకొచ్చేలా వెనక్కి తోసి ఎక్కించాం. అమ్మ కొస ఎత్తి చూసి, జానెడు వెనక్కి అంది, మళ్ళీ ఎత్తి, నాలుగు వేళ్ళు ముందుకు అంది. చివరికి పళ్ళు బిగించి మోకాలెత్తు దాకా లేపి దించి, "ఇప్పుడు పోనీ" అంది. చక్రాల ముందూ వెనకా దిమ్మెలు పెట్టి తాళ్ళు బిగించాం. కృష్ణగిరి దిగుడులో నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దిగుడు అయిపోయింది, ట్రైలరు మేకపిల్లలా వెంట వస్తోంది.

నాలుగుకు పది నిమిషాలుండగా చేరాం. రేసులో అన్నయ్య ఏడోవాడుగా వచ్చాడు, గెలిచినవాడి కంటే ఎక్కువ గెంతాడు. అక్కడి పెద్ద కాటా మీద తూచితే కారు నాలుగువందల ఎనభై. నా లెక్క అంత బాగా వచ్చినందుకు అందరూ మెచ్చుకుంటుంటే నాకు సిగ్గేసింది. ముందెంతో వెనకెంతో విడివిడిగా నా కాగితం మీదే రాసి ఉంది కదా. నేను వాటిని కూడి, గీత గీసి, మరిచిపోయాను. ఏ చదువూ లేని మా అమ్మ ఒక్కసారి ఎత్తి చూసి చెప్పింది. ఆమెను చూసి నేను గర్వపడినంత ఈ జన్మలో మరెవరిని చూసీ పడలేదు.

ఆ తర్వాత అన్నయ్య రేసులకు తిరిగినన్నాళ్ళూ అమ్మ కొస ఎత్తి చూడనిదే జీపు కదిలేది కాదు. వయసు మీదపడి ఎత్తలేకపోయిన ఏడు, ఊరికే చెయ్యేసి నొక్కి చూసి, సరే పోండి అంది. మేమిద్దరం అప్పటికే రహస్యంగా ఎత్తి చూసుకున్నామని ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు చక్రం చక్రానికీ ఒక ఎలక్ట్రానిక్ త్రాసు పెట్టి తూస్తారట. మంచిదే, అందులో తప్పు జరగదు. సిగ్నలు పడి ఆ ట్రైలరు ఊగకుండా వెళ్ళిపోతుంటే చూసి సంతోషించాను. ఇంటికొచ్చి అన్నయ్యకు ఫోను చేసి రేసు కారును చూశానని చెప్పాను. ఏ కారు, ఏ రంగు అని అడుగుతాడనుకున్నాను. "ముందర శెనక్కాయ మూటంత ఉండాదా?" అన్నాడు. ఉందన్నాను. అదెంత బరువో ఇప్పుడు తెలిసినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం.