శ్రుతి పెట్టనివ్వని టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో రెండు దణ్ణం బొమ్మల మధ్య వచ్చింది. "మధుర కవయిత్రి ఇక లేరు" అని రాసి, కింద ఒక గులాబీ పువ్వు. మీలో కూడా చాలామంది దాన్ని నలుగురికి పంపే ఉంటారు. చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆమె గొంతులో మధురం ఎక్కడ విన్నారయ్యా మీరు? వాషర్‌మెన్‌పేట్ బడిలో ఆమె హాజరు పిలుస్తుంటే ఎదురు కొట్లో బేరాలు ఆగిపోయేవి.

ఆ బడిలో ఆమె దగ్గర తెలుగు చదువుకున్నవాణ్ణి నేను. తరవాత పెళ్లి బ్యాండులో సాక్సోఫోన్ పట్టుకున్నాను. ముహూర్తాలు లేని రోజుల్లో ముగ్గురు స్నేహితులతో కలిసి చూలైలో ఒక మేడ గదిలో ఫ్రీ జాజ్ వాయిస్తాను. అదేమిటని మా అత్తగారి వైపువాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ముందే అనుకున్న పాట ఉండదు, తాళం ఉండదు. ఒకరు మొదలుపెడతారు, మిగతావాళ్లు విని, తమకు తోచింది వాయిస్తారు. డ్రమ్ములు, బాస్ గిటారు, ట్రంపెట్, నేను. కింద లేత్ మిషన్ల వర్క్‌షాపు ఉంది కాబట్టి మా చప్పుడు గురించి ఎవరూ గొడవకు రారు.

రిటైరయ్యాక ఒక సాయంత్రం టీచరమ్మ అక్కడికి వచ్చింది. సంచీ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా మొత్తం విన్నది. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"ఏమిరా, ఒకరి మాట ఒకరు వినకుండా కొట్లాడతా ఉండారే అనుకుంటి," అంది. "కాదురా. వినే కొట్లాడతా ఉండారు. మా స్టాఫ్ రూములో ఇన్నేండ్లూ ఆ మర్యాద చూళ్లేదు నేను."

మరుసటి వారం వచ్చి, ఎవరూ అడక్కుండానే మా మధ్య నిలబడి కవిత చెప్పడం మొదలుపెట్టింది. మా ట్రంపెట్ వాడు మైలాపూరు కచేరీల మధ్య పెరిగినవాడు. ఎవరు నోరు తెరిచినా శ్రుతిపెట్టె ఆన్ చెయ్యడం వాడికి అలవాటు. ఆమె వాడి చెయ్యి మీద ఒక్కటి చరిచింది.

"తిట్టేదానికి శ్రుతి ఏందిరా? మీ అమ్మ నిన్ను తిట్టేటప్పుడు శ్రుతి చూసుకునిందా?"

ఆ రోజు నుంచి మా గదిలో ఆమె మాటే చట్టం. కవిత ముందుగా మాకు చెప్పేది కాదు. రిహార్సల్ అంటే చిరాకు. "ముందే తెలిసినోడు వినడు," అనేది. ఆమె మాట్లాడేటప్పుడు మేం ఆగాలని ఏమీ లేదు, మీద పడి వాయించినా సరే. కానీ ఒక వాక్యం చెప్పి ఆగిందంటే ఆ చోటు మాది, దాన్ని ఖాళీగా వదిలేస్తే ఊరుకునేది కాదు.

ఒకసారి ఎగ్మూరులో చిన్న హాలు. జనం ఉన్నారు. ఆమె కవిత మధ్యలో నాకు మనసు కరిగి, కింది స్వరాల్లో మెత్తగా ఏదో వాయించాను. ఆమె ఠక్కున ఆపి, అందరి ముందూ నా వైపు తిరిగింది.

"ఏంరా, ఓదారుస్తా ఉండావా? ఎవురడిగినారు నిన్ను? నేను ఏడస్తా లేను, అరస్తా ఉండా."

జనం నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయి, తరవాత గొంతు చించుకున్నట్టు వాయించాను. వినడమంటే తల ఊపడం కాదని నాకు ఆమే నేర్పింది. బడిలో నేర్పిన ఛందస్సు మరిచిపోయాను గాని ఇది పోలేదు.

ఆమెకు అంత కోపం ఎందుకో చెప్పాలి. బడిలో తెలుగు సెక్షన్ మూసేస్తామన్నప్పుడు, పిల్లల్ని పంపమని కొట్టుకొట్టుకూ తిరిగింది. అందరూ ఈ తమిళ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువాళ్లే. అందరూ కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, "తెలుగుతో ఏం చేస్తాడమ్మా వాడు?" అన్నారు. సెక్షన్ పోయింది. ఉగాది వస్తే మాత్రం తెలుగు సంఘం పచ్చడి దగ్గర వాళ్లే ముందు నిలబడతారు. ఆ సంఘం సెక్రటరీ గారు ఒకసారి కవి సమ్మేళనానికి ఆమెను పిలిచి, తీరా మేం వాయిద్యాలతో వెళ్లాక, "వాయిద్యాలు వద్దమ్మా, కుటుంబాలతో వస్తారు, కాస్త వినసొంపుగా ఉండాలి," అన్నారు. "వినసొంపుగా కావాలంటే రేడియో పెట్టుకోండి నాయనా," అని గేటు దగ్గర నుంచే మమ్మల్ని వెనక్కి తిప్పుకొచ్చింది.

బతికుండగా గేటు దాటని మనిషికి, పోయాక అదే సంఘం పురసవాక్కంలో సంతాప సభ పెట్టింది. ఎంత పెద్ద ఫ్లెక్సీ! వాయిద్యాలు తేవద్దని మాకు ముందే ఫోన్ చేశారు. ఇద్దరు అమ్మాయిలు శ్రుతిపెట్టె ముందు కూర్చుని ఆమె కవితను రాగం కట్టి పాడారు. ఏ కవితో వినండి.

నా క్లాసులో ఇప్పుడు కుర్చీలు పేర్చినారు,
విరిగిన కుర్చీలు.
వాటికీ ఒక గది దొరికింది.
అ ఆ లకు దొరకలేదు.

'దొరకలేదు' అన్న మాటను సాగదీసి, తిప్పి, సంగతులు వేసి జోలపాట చేశారు. జనం కళ్లు మూసుకుని తలలూపారు. చివరి పాదం పాడనే లేదు. అక్కడ ఆపి మంగళం అందుకున్నారు. ఆ పిల్లల తప్పేం లేదు, నేర్పినవాళ్లను అనాలి.

సెక్రటరీ గారు మైకు తీసుకుని, ఈ పాటను రికార్డు చేసి అందరికీ పంపుతామని, ఇకమీదట అమ్మగారు మనకు ఈ పాటలోనే గుర్తుంటారని ప్రకటించారు. నేను లేచాను. ఆమె సొంత గొంతు నా ఫోన్‌లో ఉంది, కాస్త వినిపించనివ్వండి అన్నాను.

"ఆ గోల ఇప్పుడెందుకు నాయనా? భోజనాలు చల్లారిపోతాయి."

నా నోటికి బూతు వచ్చింది. అనేవాణ్ణే. ఇంతలో ముందు వరసలోంచి టీచరమ్మ కూతురు లేచి మైకు దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి ఇంట్లోనూ ఆఫీసులోనూ తమిళమే మాట్లాడుతుంది. తెలుగు చదవడం రాదు. "ఊరి పిల్లలందరికీ దిద్దించినా, నా కడుపున పుట్టినదానికి దిద్దించలేకపోతి," అని టీచరమ్మ మా గదిలో ఎన్నోసార్లు తనను తానే తిట్టుకుంది.

ఆ అమ్మాయి నోరు తెరవగానే, సాయం చేద్దామని పాపం గాయని శ్రుతిపెట్టె ఆన్ చేసింది.

"వేణామ్మా, వద్దు. ఆపేయ్," అంది.

తరవాత చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లో తల్లి గొణుక్కుంటుంటే విని పట్టుకున్నట్టుంది. ఒత్తులు పోయాయి, యాస తమిళంలోకి జారింది, రాగం లేదు, గొంతు వణకలేదు. కుర్చీలు అంది. గది అంది. అ ఆ లకు దొరకలేదు అని ఆగింది. ఆ చోటు మాది. మా చేతుల్లో వాయిద్యాలు లేవు. అప్పుడు ఆ అమ్మాయి తల తిప్పి, వేదిక మీద వరసగా కూర్చున్న పెద్దల్ని ఒక్కొక్కరినీ చూస్తూ, పాటలో తీసేసిన చివరి పాదం చెప్పింది.

మీ ఇంట్లో దొరికిందా?

సెక్రటరీ గారి కుడిచెయ్యి తొడ మీద తాళం వెయ్యడానికి లేచింది. ఎక్కడ పడాలో తెలియక అలా గాల్లోనే ఉండిపోయింది.