కువైటు క్యాసెట్టు, పులివెందుల గోలు

ప్రొద్దుటూరులో మా పక్కింటి మామ కువైటులో ఒక పెద్ద హోటల్లో పనిచేసేవాడు. నాకు పన్నెండేళ్లప్పుడు సెలవుకొచ్చి, అందరికీ సెంటు సీసాలు పంచి, నా చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడు. "హోటల్లో పొద్దస్తమానం ఇదే మోగుతాది పాపా. అరబ్బు పాటలనుకుంటా, విను" అన్నాడు. విన్నాను. ఒక గిటారు, గొంతు పైకెత్తకుండా పక్కన కూర్చుని మాట్లాడినట్టు పాడే ఒకామె. అంతే, నా పని అయిపోయింది!

అవి అరబ్బు పాటలు కావని, బ్రెజిల్ దేశపు బోసా నోవా అని తెలియడానికి నాకు డిగ్రీ దాకా పట్టింది. ఆ దేశం గురించి లైబ్రరీలో వెతకబోతే ఎక్కడ చూసినా ఫుట్‌బాలే. సరే, దాన్నీ చదివాను. సొంత మైదానంలో ప్రపంచ కప్పు పోగొట్టుకుని దేశమంతా ఏడ్చి, అచ్చిరాలేదని తెల్ల చొక్కాలు మాని పసుపు చొక్కాలు తొడుక్కున్న కథ చదివి నేనూ ఏడ్చాను. వాళ్లు మొదటిసారి కప్పు గెలిచిన ఏడే ఈ సంగీతం కూడా గ్రామఫోను రికార్డులకెక్కింది. ఒకే ఏడు! ఈ సంగతి చెప్తే మా ఇంట్లో ఒక్కరూ ముద్ద ఆపి తలెత్తలేదు. ఇంత గొప్ప సంగతికి కూడా కదలని మనుషులంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నేను జమ్మలమడుగులో ఒక హైస్కూల్లో సోషల్ టీచరును. మొన్నామధ్య ఆటల సారు బదిలీ అయిపోతే, మా హెడ్‌మాస్టరు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును నా నెత్తిన పెట్టారు. "ఎప్పుడు జూసినా ఫుట్‌బాల్ ఫుట్‌బాల్ అంటాంటావు గదమ్మా, నువ్వే జూసుకో" అన్నారు. నేను జన్మలో బంతిని తన్నిన పాపాన పోలేదు. అయినా ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అప్పుడు ఆయన ఇంకో మాట అన్నారు. "పులివెందుల పోటీల్లో ఒక్క గోలన్నా కొట్టుకోని రాండి. లేదంటే ఆటల పీరియడు లెక్కలకిచ్చేస్తా." మా జట్టు పోయినేడు ఒక్క గోలూ కొట్టలేదు. అంతకు ముందేడూ అంతే.

ఎందుకు కొట్టలేదో మొదటిరోజే తెలిసిపోయింది. మా పిల్లలంతా చెక్కభజన నేర్చినవాళ్లు. అందులో గురువు నడుమ నిలబడి తాళం వేస్తే, చుట్టూ ఉన్నవాళ్లంతా చేతుల్లో చెక్కలు వాయిస్తూ ఒకే అడుగు వేస్తారు, ఒకే పక్కకు తిరుగుతారు. ఒక్కరు తప్పినా గురువు ఊరుకోడు. మైదానంలో కూడా అదే పని! బంతి ఎడమకు పోతే పదిమందీ ఎడమకు, కుడికొస్తే పదిమందీ కుడికి. అడుగులు ఎంత ముచ్చటగా కలిశాయంటే కోప్పడటానికి మనసు రాలేదు. అయినా కోప్పడ్డాను.

"అందురూ ఒకటే అడుగెయ్యకుంటే తప్పు గదా మేడం?" అంది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె. సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఏది చెప్పినా ఒక ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్నతోనే నాకు దారి దొరికింది. మరునాడు ఫోనూ చిన్న స్పీకరూ తెచ్చి గోలు పోస్టు పక్కన పెట్టి, బోసా నోవా వినిపించాను.

"ఇనండమ్మా. గిటారు మీద బొటనవేలు దాని పని అది జేస్తాండాది. మిగతా వేళ్లు రవ్వంత ఆగి వస్తాండాయి. పాడేటామె ఇంగా ఆగి వస్తాండాది. ఎవురి యాళకు వాళ్లొచ్చినా పాట ఒకటే గదా!"

"ఏంది మేడం ఇది, నిద్దరొచ్చే పాట" అని నవ్వారు. నేను వదల్లేదు. రెండు వారాలు అవే పాటలు. వెనకుండే ఇద్దరు బొటనవేళ్లు, ముందుండే ముగ్గురు ఆగి వచ్చే వేళ్లు. ఆఫ్‌సైడూ అట్లే చెప్పాను. మనవాళ్లు బంతి ఇవ్వకముందే, అవతలి జట్టులో గోల్‌కీపరుకు ముందున్న చివరి మనిషిని దాటిపోయి నిలబడితే తప్పు. పాటలో తొందరపడి గొంతెత్తినట్టు. అర్థమైందా అంటే అందరూ తలలూపారు. అర్థం కాలేదని నాకూ తెలుసు.

ముద్దనూరు మీదుగా బస్సులో పులివెందుల చేరాం. దారి పొడుగునా ప్రపంచ కప్పుల కథలు చెప్తూనే ఉన్నాను. మైదానం దగ్గర టీ తాగుతూ అక్కడి ఆటల సార్లకూ చెప్పాను. ఏ ఫైనల్లో బంతి గీత దాటిందో లేదో అని ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారో, ఎవరు చేత్తో తోసి గోలనిపించుకున్నారో, అన్నీ. "ఈ మేడంకు శానా తెలుసప్పా" అని ఒకాయన అంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆట మొదలైంది. మా పిల్లలు విడివిడిగా నిలబడ్డారు! బొటనవేళ్లు చెదరలేదు! కానీ అవతలివాళ్లు గట్టివాళ్లు, నాలుగు గోల్స్ కొట్టారు. ఇంక రెండు నిమిషాలున్నాయనగా వెనకనుంచి మా పిల్ల ఒకతె బంతిని పొడుగ్గా తన్నింది. సన్నపిల్ల అందుకుని కొట్టింది. గోలు! నేను చెప్పులు వదిలేసి అరుస్తూ పరుగెత్తాను.

"ఆఫ్‌సైడ్!" అని అవతలివాళ్లు కేకలు పెట్టారు. రెఫరీ దూరంగా ఉండిపోయాడు, గీత దగ్గర జెండా పట్టుకునే మనుషులు లేరు. మా సీమలో తగవొస్తే ముందు కాగితాలు వెతకరు. తెలిసినవాళ్లని, అబద్ధమాడరని పేరున్న మనిషిని అడుగుతారు, ఎదుటి పక్షమైనా సరే. రెఫరీ, టీ దగ్గర నా కథలు విన్న అవతలి జట్టు సారు ఇద్దరూ నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"మీరు జూసినారు గదా మేడం. మీరేమంటే అదే" అన్నాడు అవతలి సారు.

చూశాను. సరిగ్గా ఎదురుగా నిలబడి చూశాను. పిల్ల రెండడుగులు ముందుంది. టీవీ ముందు కూర్చుని ఇలాంటి వాటికి నేను ఎందరు రెఫరీలను తిట్టానో!

"గోలే" అన్నాను.

ఆయన మారుమాట లేకుండా తలూపి వెళ్లిపోయాడు. తిరుగు బస్సులో పిల్లలు సీట్లు వాయిస్తూ పాడుతుంటే, సన్నపిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.

"మేడం, ఆ యమ్మి బంతి తన్నేటప్పటికే నేను ముందరుండా. తొందరపడి గొంతెత్తినట్లు. అది గోలు గాదు గదా?"

ముందు నాకు పట్టలేని సంతోషం! అర్థమైంది! ఇన్నేళ్లకు నేను చెప్పింది ఒక్కరికి అర్థమైంది! ఆ వెంటనే సిగ్గుతో ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

"గాదు" అన్నాను.

"మల్ల గోలే అంటిరే?"

"పీరియడు పోతాదని భయపడినా."

"హెడ్‌మాస్టరు సారుకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది పిల్ల.

మరునాడు నేనే చెప్పాను. అవతలి జట్టు సారుకూ ఫోన్ చేసి చెప్పాను. మా హెడ్‌మాస్టరు అన్న మాట ప్రకారం పీరియడు లెక్కలకిచ్చేశారు. పిల్లలు నాతో మాట్లాడటం మానేశారు.

మూడోరోజు లెక్కల సారు రాలేదు. ఆ పీరియడులో పిల్లల గది ముందు పోతూ ఆగాను. సన్నపిల్ల బోర్డు మీద గోలు పోస్టు గీసి, చుక్కలు పెట్టి, ఆ పొద్దు ఎవరెక్కడ నిలబడిందీ చూపిస్తోంది. నాకన్నా బాగా చెప్తోంది! జట్టంతా చప్పుడు చేయకుండా వింటోంది.

"అట్లయితే మనం గోలు కొట్టనే లేదా?" అని వెనక బెంచీలోంచి ఒక పిల్ల అడిగింది.

"లే" అంది సన్నపిల్ల. "ఇంగా కొట్టాల."