బ్యాండు వాయించడానికి మాత్రమే

కాగితం మీద ఆర్డరు చూపించకపోతే సింహాద్రికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మిలట్రీలో ఇరవై రెండేళ్ళు గుమాస్తా పని చేసి, హవల్దారుగా రిటైరై, భిలాయి సెక్టర్ 7లో కాపురం పెట్టినా ఆ మంట చల్లారలేదు. అటక మీది గుండిగ దింపమన్నా, "ఎవరి ఆర్డరు?" అనేవాడు.

"నా ఆర్డరే," అనేది భార్య నూకాలమ్మ.

"అయితే రాసిచ్చీ."

ఆవిడ ఓసారి పాత క్యాలెండరు వెనక బొగ్గుతో రాసిచ్చింది కూడా. గుండిగ దిగింది. క్యాలెండరు ఫైల్లోకి వెళ్ళింది.

ఇక సర్కారీ సంబరాల్లో జవాన్లు కనిపిస్తే ఆ కోపానికి పట్టపగ్గాలుండేవి కావు. "వరదొస్తే మిలట్రీని పిలవండి, కాదన్ను. రిబ్బను కత్తిరించడానికి మిలట్రీ ఏటి? దేనికెంతవరకో రూలుంది!" అని పేపరు మీదా, పేపరు వేసేవాడి మీదా సమానంగా అరిచేవాడు.

తొంభై అయిదు మే నెలలో కొత్త పార్కు ప్రారంభానికి మంత్రిగారొస్తారన్నారు. ఉత్సవ కమిటీ సెక్రటరీ శ్యామసుందర్ ఎవరెవరినో పట్టుకుని ఆర్మీ బ్యాండు తెప్పించాడు. మొగుణ్ణి కట్టడి చేయడానికే నూకాలమ్మ వెంట వెళ్ళింది.

పదింటికి రావాల్సిన మంత్రి పదకొండున్నరకీ రాలేదు. శ్యామసుందర్ కంటికి ఖాళీగా నిలబడ్డ జవాన్లు ఆనారు. "భయ్యా, జరా కుర్సీలు ఉఠావో!" అన్నాడు. పద్నాలుగు మందీ వాయిద్యాలు పక్కన పెట్టి, ఎర్రటెండలో కుర్చీలు మోశారు. పెద్ద డ్రమ్ము వాయించే నాయక్ తూలి కూలబడ్డాడు. సింహాద్రి వెళ్ళి నీళ్ళు తాగించి, పక్కన గొంతుక్కూర్చుని ఏదో మాట్లాడి, నిప్పుకణికలా తిరిగొచ్చాడు.

"శ్యామసుందర్! ఆర్డరు చూపించు!"

"ఏటండీ, ఊరుకోండి, పరువు పోతాది," నూకాలమ్మ చొక్కా పట్టి లాగింది.

"చూస్కోండి హవల్దార్ సాబ్, పెద్దాఫీసరు సంతకం!" అని శ్యామసుందర్ దర్జాగా కాగితం ఇచ్చాడు. అదే పొరపాటు. సింహాద్రి మైకు లాక్కున్నాడు.

"'పది నుంచి పన్నెండు వరకు. బ్యాండు వాయించడానికి మాత్రమే.' ఇందులో కుర్చీలెక్కడున్నాయి? మంత్రిగారొచ్చేదాకా అని ఎక్కడుంది?"

"అరె, ఇంకో గంటకి ఇంత గొడవా?"

"పెళ్ళికొచ్చిన బాజావోళ్ళకైనా ముందు విస్తరేత్తారు! ఈళ్ళు దేశానికి జవాన్లు, నీ షామియానాకి కూలీలు కారు!"

జనం ఈలలేశారు. బ్యాండు సుబేదారు వచ్చి కాగితం చదివి, వాచీ చూసుకున్నాడు. పన్నెండు. అయిదు నిమిషాల్లో ట్రక్కు కదిలింది. రెండింటికి మంత్రి వస్తే, టెంటువాళ్ళ టేపురికార్డరులో పెళ్ళి సన్నాయి మోగుతుండగా రిబ్బను తెగింది.

ఇంటికొచ్చాక నూకాలమ్మ కడిగేసింది. "పద్నాలుగుమంది కోసం పండగంతా తగలెట్టీసినారు!"

"పద్నాలుగుమంది కాదే, ఒక్కడు." సింహాద్రి గొంతు తగ్గించాడు. "ఆ డ్రమ్ము నాయక్ పెళ్ళాం, పెళ్ళయిన పన్నెండేళ్ళకి నీళ్ళోసుకుంది. నొప్పులొస్తున్నాయని టెలిగ్రామొచ్చిందట. పన్నెండు నుంచి ఆడికి సెలవు. దుర్గ్‌లో ఒంటిగంటన్నరకి బండి. ఆడి పేరెత్తితే, మంత్రిగారి పని చెడగొట్టినాడని ఆడికి శిక్ష. రూలెత్తితే నాకు ఒట్టి తిట్లే."

నూకాలమ్మ నోరు తెరిచేలోగా తలుపు దబదబలాడింది. శ్యామసుందర్.

"చెప్పండమ్మా! బ్యాండులో ఎవడో ఈయన్ని ఎగదోశాడు. ఎవడు వాడు? పైకి రాసి పడేస్తాను!"

నూకాలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎవులుంటారు బాబూ? ఎండ ముదిరితే ఆరి బుర్ర ఆరిది కాదు. నిన్న కుక్కరు కూతేస్తే లేచి సెల్యూట్ కొట్టినారు."

శ్యామసుందర్ జాలిగా సింహాద్రి వైపు తిరిగాడు. సింహాద్రి ఒక్క క్షణం పెళ్ళాం వంక కొరకొరా చూశాడు. తర్వాత లేచి, మడమలు కలిపి, వంటింటి వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు.