చిన్నాయన అమ్మిన ఎద్దులు

మొన్న ఆదోనిలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని ఉంటే, ఒకప్పుడు నా దగ్గర కామర్స్ చదివి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి నా ఫోనుకు ఒక వీడియో పంపింది. ఈ కోర్సులో చేరదామనుకుంటున్నాను, మీరేమంటారు మేడం అని కింద రాసింది. పెద్ద విశ్వవిద్యాలయం వారి బిజినెస్ స్కూలు, అందులో ఒక అంతర్జాతీయ వాణిజ్య పరిశోధనా కేంద్రం, ఆ కేంద్రం కంపెనీల అధికారులకు నడిపే కొద్దిరోజుల కోర్సు. అద్దాల మేడలు, దువ్వినట్టున్న పచ్చగడ్డి, పళ్ళన్నీ కనబడేలా నవ్వే నానాదేశాల మనుషులు. వాళ్ళ మధ్యలో రెప్పపాటు సేపు ఒక ఎర్రగళ్ళ తువ్వాలు, దాని కిందికి దూరబోతున్న రెండు చేతులు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. నల్ల చేతికి బొటనవేలి గోరు సగమే ఉంది. ఎనుము తొక్కితే పోయిన గోరది. ఆ చెయ్యి మా చిన్నాయనది. మనిషి పోయి చాన్నాళ్ళయింది కానీ ఆయన చేత వాళ్ళు ఇంకా చాకిరీ చేయించుకుంటూనే ఉన్నారు. ఆ పిల్లకు జవాబు రాయకుండా ఫోను బోర్లా పెట్టేశాను.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. ఎమ్మిగనూరు ఎద్దుల సంతలో దళారి. ఆ సంతలో బేరం నోటితో జరగదు. కొనేవాడూ దళారీ ఎదురెదురుగా గొంతుక్కూర్చుంటారు, చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు, పైకి వానల గురించో వియ్యపురాలి గురించో మాట్లాడుతూ కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుతారు. ఒక్కో వేలికి ఒక లెక్క, కణుపుకు ఇంకో లెక్క. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ధర తెలియదు. చివరికి చెయ్యి చేతిలో వేసి గట్టిగా పట్టారంటే బేరం ముగిసినట్టే. ఆ క్షణం నుంచి ఎద్దులు కొన్నవాడివి. అతను వచ్చి డబ్బిచ్చి తోలుకుపోయే దాకా వాటి మంచిచెడ్డలు దళారి పూచీ. కాగితం లేదు, సాక్షి లేడు. మా చిన్నాయన నోరు విప్పితే అబద్ధం. ముసలి ఎద్దును నాలుగు పళ్ళ పడుచుదని చెప్పేవాడు, పొద్దున తిన్న రాగి సంకటిని పలావని చెప్పేవాడు, ఎప్పుడూ చూడని బొంబాయి గురించి గంటల తరబడి చెప్పేవాడు. మా చిన్నమ్మ ఆయన మాట ఒక్కటీ నమ్మేది కాదు. కానీ ఏదైనా నిజం తేల్చుకోవాలంటే కొంగు ఆయన చేతిమీద కప్పి, ఇప్పుడు చెప్పు అనేది. ఆయన చెప్పేసేవాడు. మేం పిల్లలం ఒకసారి సంత ఆట ఆడుతూ దుప్పటి కింద చేతులు పెట్టుకుంటే, జీవితంలో మొదటిసారీ చివరిసారీ ఆయన నన్ను కొట్టాడు. పశువు లేకుండా గుడ్డ కింద చెయ్యి పెట్టకూడదట, ఉత్త బేరం ఇంటికి అరిష్టమట. ఆయనకున్న భక్తి అంతా ఆ ఒక్కదాని మీదే ఉండేది. గుడికి పోయి దండం పెట్టుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆ పరిశోధనా కేంద్రం డైరెక్టరు ఒక ఏడు ఎమ్మిగనూరు జాతరకు వ్యానులో దిగాడు. మొహం చూస్తే మంచివాడే. మాటకు ముందొకసారి వెనకొకసారి 'వండర్‌ఫుల్' అనేవాడు. కామర్స్ సదస్సుల్లో నన్ను చూసి ఉన్నాడు కనుక దుబాసీగా నన్ను వెంటేసుకున్నాడు. ఆయన కూడా తెలుగువాడే, కానీ మా సంత తెలుగు ఆయనకు సగమే అందేది. ఎండలో నిలబడి చిన్నాయన చేస్తున్న బేరం చూశాడు, చూసి పులకరించిపోయాడు. ఇదంతా మా అంతర్జాతీయ బేరసారాల తరగతికి కావాలి, అంకుల్‌ను క్యాంపసుకు పిలుద్దాం అన్నాడు. చిన్నాయన ఒకటే షరతు పెట్టాడు.

“ఎద్దుల్లేకుండా గుడ్డ పరచను సార్. అమ్మే ఎద్దులుంటేనే చెయ్యి పెడతా.”

“అలాగే అంకుల్, మీకెలా వీలైతే అలాగే” అన్నాడు డైరెక్టరు, ఆ మాట ఎంత దూరం పోతుందో ఆలోచించకుండా.

అమ్మే ఎద్దులు చిన్నాయన చేతిలో నిజంగానే ఉన్నాయి. పెద్దకడుబూరు రైతు ఒకాయన తన జతను జాతరకు తోలుకొచ్చి, ధర రాక, వెనక్కి తోలుకుపోతూ వాటి అమ్మకం ఆయనకు అప్పజెప్పాడు. ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది, జొన్న చొప్ప ఇంట్లో పిడికెడు లేదు. ఎండాకాలం లోపల అమ్మకపోతే అవి ఆకలికి చస్తాయి. ఆ రైతు ఎద్దుల మెడ నిమురుతూ అన్న మాట నాకింకా గుర్తుంది.

“అన్నా, ధర తగ్గినా పర్వాల్యా. కబేళాకు మాత్రం పోగూడదు. మేపుకునేటోని చేతిలోనే పెట్టు.”

చిన్నాయన పెడతానన్నాడు. నా ఫోనులో ఆ జతను ముందు నుంచి, పక్క నుంచి, నోరు తెరిపించి పళ్ళతో సహా ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోలతోనే హైదరాబాదు పోయాం.

అక్కడ హాలు ఏసీ చలితో వణికించింది. మెట్లు మెట్లుగా కుర్చీలు, ఒక్కొక్కరి ముందు పేరుచెక్క, నీళ్ళ సీసా. చిన్నాయన ఉతికిన పంచె కట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని, వేదిక మీద కుర్చీ వద్దని నేలమీద గొంతుక్కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక తెరమీద పెద్దకడుబూరు ఎద్దులు పళ్ళు చూపిస్తూ నిలబడ్డాయి. ధాన్యం వ్యాపారం చేసే ఏదో పెద్ద కంపెనీ మనిషి, ఎర్రజుట్టువాడు, చొక్కా చేతులు మడిచి ఎదుట కూర్చున్నాడు. వేళ్ళ లెక్క అతనికి ముందే నేర్పి ఉంచారు. అతను మొండిగా బేరమాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చిన్నాయన నుదుటి మీద ఆ చలిలోనూ చెమట పట్టింది. చివరికి చెయ్యి చేతిలో పడింది. బాగా మేపుతావా అని చిన్నాయన అడిగితే నేను ఇంగ్లీషులోకి మార్చాను. నాకు పెద్ద పొలముంది, రాజాల్లా చూసుకుంటాను, కోర్సయ్యాక వచ్చి తీసుకుపోతాను అని అతను చెప్పాడు. హాలంతా నవ్వింది. చిన్నాయన కూడా నవ్వాడు, అమ్మకం అయిన మనిషి నవ్వే నవ్వు.

తిరుగు రైల్లో నేను ఆయనకు విడమరిచి చెప్పాను. అదంతా పాఠం కోసం ఆడిన ఆట, ఆ ఎర్రజుట్టువాడు రాడు, ఎద్దుల్ని ఇంకెవరికైనా చూడు అని. ఆయన నన్ను చంటిపిల్లను చూసినట్టు చూశాడు.

“చెయ్యి పట్టినాక ఆట యాడుంటాది పాపా. నీవు సదువుకున్యావు గాని నీకు సంత తెల్దు.”

గర్వం కూడా ఉంది, దాచడమెందుకు. దేశంకాని దేశపోనికి ఎద్దులమ్మిన దళారి ఈ జిల్లాలో తనొక్కడే అని, దిగీ దిగగానే ఎమ్మిగనూరు టీకొట్ల దగ్గర చాటింపు వేశాడు. బొంబాయి కథలు నమ్మని వాళ్ళు ఇది నమ్మారు, ఎందుకంటే తువ్వాలు మీద ఒట్టేసి చెప్పాడు. మరుసటి వారం గూడూరు నుంచి ఒక రైతు వచ్చాడు. బావి కింద పొలమున్నవాడు, వాములకు వాములు చొప్ప ఉన్నవాడు. ఆ జతను చూసి ముచ్చటపడి అడిగాడు. అమ్మిపోయినాయప్పా, ఒకసారి అమ్మినదాన్ని మళ్ళీ ఎట్లమ్ముతాం అని చిన్నాయన అతన్ని పంపించేశాడు. ఆ మాట తెలిసి నాకు ఒళ్ళు మండింది. డైరెక్టరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరైనా ఒక్కరు, ఆ ఎర్రజుట్టాయనైనా సరే, బేరం రద్దయిందని చిన్నాయనతో ఒక్క మాట చెబితే చాలు, ఎద్దులు బతుకుతాయి అని బతిమాలాను. ఆయన చాలాసేపు నవ్వాడు. వండర్‌ఫుల్, ఎంత అమాయకత్వం, దీన్ని మా అధ్యయనంలో చేర్చాలి అన్నాడు. ఆ సాయంత్రమే ఎద్దుల గురించి ఏమైనా చేస్తాడేమో అని చూశాను. నాలుగు రోజుల తర్వాత చిన్నాయనకు ఒక శాలువా, అద్దం పెట్టెలో ఒక జ్ఞాపిక కొరియర్లో వచ్చాయి. మా చిన్నమ్మ ఆ పెట్టెను తిప్పి తిప్పి చూసి, ఇది ఎద్దులు తింటాయా అని అడిగింది.

చిన్నాయన తన ఇంటి గేదెకున్న మేతలో సగం పెద్దకడుబూరుకు బండిలో పంపేవాడు. అదెన్ని రోజులు వస్తుంది. రైతు మొదట ఫోను చేసి అడిగేవాడు, మీ దొర ఎప్పుడొస్తాడని. తర్వాత తిట్టేవాడు. తర్వాత ఫోను చేయడం మానేశాడు. ఉగాది దాటాక చిన్నాయన మేత బండితో తనే పోయేసరికి కొట్టం ఖాళీగా ఉంది. ముందురోజు లారీ వచ్చి పోయిందట. ఏ లారీ అని అడగాల్సిన పని లేదు. రైతు మొహం గోడకు తిప్పుకుని కూర్చున్నాడు, ఆయన భార్య మాత్రం చిన్నాయన ముందుకొచ్చి రెండు చేతులతో మట్టెత్తి పోసింది. ఆ మట్టి తలలోంచి దులుపుకోకుండానే ఆయన ఎమ్మిగనూరు దాకా వచ్చాడు.

సంత అంతకంటే దయలేనిది. తెల్లోనికి ఎద్దులమ్మినోడు అని పేరు పెట్టారు. పేరుతో ఆగినా బాగుండేది. ఆయన తువ్వాలు పరిస్తే ఎదుట ఎవరూ కూర్చోవడం మానేశారు. మిగతా దళారులు, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు, వేప చెట్టు కింద కూర్చుని అటు చూసి ఇంగ్లీషు మాట్లాడుతున్నట్టు నోరు తిప్పేవారు. ఆయన మాత్రం ప్రతి సంతకూ పోయి తన చోట తువ్వాలు పరిచి, పొద్దుగూకాక మడుచుకుని ఇంటికొచ్చేవాడు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటమంటే ఇదేనని మా చిన్నమ్మ నా మొహం మీదే అంది.

మరుసటి ఏడు కేంద్రం వాళ్ళు మళ్ళీ పిలిచారు. వద్దంటాడనుకున్నాను. వెంటనే బయల్దేరాడు. ఎద్దులు కొన్నవాని మొహం నాకు గుర్తులేదు, చెయ్యి గుర్తుంది, పడితే చెప్తా అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయన ఆ ఎర్రజుట్టువాణ్ణి నిలదీయడానికి పోతున్నాడని. నాకు లోలోపల సంతోషం వేసింది, అడగనీ, సిగ్గుపడనీ అనుకున్నాను. కొత్త బ్యాచిలో ఒక్కొక్కరి చెయ్యీ తువ్వాలు కింద పట్టుకుని చూస్తానని ఆయన అంటే, డైరెక్టరు ఎగిరి గంతేశాడు. వరస కట్టారు, నవ్వుకుంటూ చేతులిచ్చారు. వీళ్ళలో ల్యాడు పాపా అన్నాడాయన చివర్న. అందరూ లేచి నిలబడి చప్పట్లు. ఆ తర్వాతి ఏడు దాన్ని కార్యక్రమంలో అచ్చు వేశారు, మన దేశపు పెద్దాయనతో హస్తపరిచయం అని.

మూడో ఏడు పాత విద్యార్థుల సమ్మేళనం కూడా దానితో కలిసింది. వరసలో ఎర్రజుట్టువాడు ఉన్నాడు, కాస్త లావెక్కాడు. అతనే అని చిన్నాయనకు నేను చెప్పలేదు. చిన్నాయన అతని చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు. “ఈ చెయ్యే పాపా” అన్నాడు. అతనికి ఏమీ గుర్తు లేదు. డైరెక్టరు చెవిలో చెప్పాక తలమీద కొట్టుకుని నవ్వాడు. ఆ ఎద్దులు ఇంకా అమ్మకానికి ఉన్నాయా అని అడిగాడు. హాలంతా ఘొల్లుమంది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. చిన్నాయన మెల్లగా, ఒక్కొక్క మాటా నాకు అందేలా చెప్పాడు.

“ల్యావని సెప్పు పాపా. నీవి నేను కాపాడల్యాకపోయినా. మేత సాలక కబేళాకు పోయినాయి. నీ సొమ్ము నా చేతిలో ఉండి పోయింది, తప్పు నాదే. ఆ మాట సెప్దామనే ఇన్నేండ్లూ ఎతుకుతాండా. మన్నించమను.”

నిలదీయడానికి కాదు. అతని ఎద్దులు అతనికి దక్కనందుకు క్షమాపణ అడగడానికి. ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను, ఆ మనిషి మొహం మారుతుందేమోనని చూశాను. అతను శ్రద్ధగా విన్నాడు. తర్వాత చిన్నాయన భుజం తట్టి, బొటనవేలు పైకెత్తి 'నో ప్రాబ్లం' అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. చిన్నాయన నా వైపు చూశాడు, ఏమన్నాడు అని. పర్వాలేదంటున్నాడు అని చెప్పాను. అంతకంటే వేరే అర్థం ఆ మాటకు లేదు.

రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని, పర్వాలేదంట అనుకున్నాడు. ఆదోని వచ్చేదాకా అప్పుడప్పుడూ అదే. ఆ తర్వాత సంతకు పోలేదు, అబద్ధాలు కూడా చెప్పలేదు. తర్వాతి జాతర చూడకుండానే పోయాడు. వాళ్ళకు ఆ బేరం టీ విరామానికి ముందు అయిపోయిన ఒక గంట. చిన్నాయన ఆ గంటను చచ్చేదాకా ముగించలేకపోయాడు.