కాపలా మనిషికి బొరియ లేకుండా చేశారు

నిన్న మధ్యాహ్నం షాపులో ఎవరిదో ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ అంటిస్తున్నాను. అమ్మ కాల్.

"చిన్నాయన పోయినాడమ్మా."

అంతే. ఆ గార్డ్ సగంలో వదిలేసి గిద్దలూరులో బస్సెక్కాను. అబద్ధమైతే బాగుండు అనుకుంటూ మార్కాపురం దాకా వచ్చాను.

అబద్ధం కాలేదు.

దావీదు చిన్నాయన, మా నాన్న తమ్ముడు. పలకల క్వారీలో పద్దెనిమిదేళ్లు కాపలా మనిషి. బండ పగలగొట్టే తూటా పేల్చే ముందు రాళ్ల గుట్ట ఎక్కి, ఎర్రగుడ్డ ఊపి, కేక వేయడం ఆయన పని. కింద అందరూ పరుగు తీశాక, గుట్ట మీదే పలకలు పేర్చి కట్టుకున్న గూట్లో తను దూరేవాడు.

నా చిన్నప్పుడు తేలు గురించి చెప్పిందీ ఆయనే. "పలక అవతలి అంచు పట్టి నీ దిక్కు లేపు. తేలుంటే అటే పోతాది." ఇప్పటికీ రాయి ఎత్తితే అట్లే ఎత్తుతాను.

పోయిన వేసవిలో ఆయనకి మీర్‌కాట్ల వీడియో చూపించాను. ఆఫ్రికా ఎడారిలో ఉంటాయి, మన ముంగిసకి చుట్టాలు. ముంగిస ఎక్కువగా ఒంటరిది. ఇవి మాత్రం ఇరవై ముప్పై కలిసి బొరియల్లో ఉమ్మడి కాపురం. పిల్లలకి తేలు తినడం కూడా మెల్లగా నేర్పుతాయి, ముందు చచ్చింది ఇచ్చి, తర్వాత కొండి తీసింది ఇచ్చి. అన్నీ తల దించుకుని తవ్వుకుంటుంటే, ఒకటి మాత్రం తిండి మానేసి ఎత్తు మీద రెండు కాళ్లపై నిలబడి గద్ద కోసం చూస్తుంది. అది అరిస్తే అన్నీ బొరియల్లోకి!

"ఓర్నీ, ఇది నా డ్యూటీనే గదమ్మా!" అని ఎంత నవ్వాడో.

ఆ తర్వాత ఓనర్ సైరన్ కొన్నాడు. "మిషనుంది గదా, మనిషెందుకు?" అని చిన్నాయనని కింద రాళ్లు మోయడానికి వేశాడు. గుట్ట మీద గూడు కూడా పీకించి ఆ పలకలు లారీకెత్తించాడు.

పోయిన నెల నేను వెళ్తే చిన్నాయన ఆ గుట్టెక్కి, చేతులు గుండెల దగ్గర పెట్టుకుని, అచ్చం మీర్‌కాట్‌లా నిలబడ్డాడు. వీడియో తీశాను.

"గద్దొస్తే నేనేడ దూరాలమ్మా? నా బొరియ పీకేసినారు" అంటున్నాడు అందులో. నవ్వుతూనే.

నిన్న కరెంట్ లేదు. సైరన్ మోగలేదు. అప్పటికే తూటా వత్తి అంటించేశారు.

అది చూసి చిన్నాయన గంప పడేసి గుట్టెక్కి కేకేశాడు. కింద పదకొండు మంది బతికారు. అందులో ఓనర్ బామ్మర్ది ఒకడు.

చిన్నాయనకి దూరడానికి గూడు లేదు.

ఇవాళ భూస్థాపనకి ఓనర్ పూలదండతో వచ్చాడు. "గుట్ట మీద గూడుండె. దాంట్లోకి పోకుండా నిలబడినాడు. ఆయన తప్పే" అని అందరికీ చెబుతున్నాడు. వెళ్లి చూశాను. నిజమే, గూడుంది. రాత్రికి రాత్రి కట్టారు. ఆ పలకల మీద దుమ్ము కూడా పడలేదు.

దండ తీసి ఓనర్ చేతిలోనే పెట్టాను.

ఓనర్ గారూ, ఈ పోస్ట్ మీ దాకా వస్తుందని తెలుసు. రాజీ అని ఇంటికి మనుషుల్ని పంపకండి. నా వీడియోలో తేదీ ఉంది. మా చిన్నాయన వెనక బోడి గుట్ట ఉంది. మీరు ఏం పీకించారో ఆయన నోటితోనే ఉంది. రేపు పొద్దున స్టేషన్‌లో ఇస్తున్నాను. ఆ పదకొండు మందీ నాతో వస్తున్నారు, మీ బామ్మర్దితో సహా.

పాస్టర్ గారు క్షమించమన్నారు. క్షమిస్తాను. మిమ్మల్ని జైల్లో చూసొచ్చాక.

చిన్నాయనా, ఇంక గుట్ట దిగు. కాపలా నేను చూసుకుంటా.

నువ్వు నిశ్చింతగా పడుకో.